ఆకాశం నుంచి జింక జాడ: ఒక్క రాత్రి గడువు ఎవరికి సరిపోతుంది?

విమానంలో ఎగురుతూ జింకను కాల్చడం అమెరికాలో నేరమన్న సంగతి అక్కడ వేటతో ఏ కొంచెం పరిచయమున్నవారికైనా తెలుసు. అదే విమానంలోంచి జింక ఏ లోయలో ఉందో చూసుకుని, దిగి వచ్చి, మరునాడో వారం తరువాతో తుపాకీ భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్ళి కాల్చడం నేరమా అని అడిగితే మాత్రం జవాబు రాష్ట్రాన్ని బట్టి, నెలను బట్టి, కొన్నిచోట్ల జంతువును బట్టి కూడా మారిపోతుంది. ఈ తేడాలన్నీ అడ్డదిడ్డంగా పుట్టినవేమీ కావు. అయితే వాటిలో ఎక్కువ భాగం చూపుకూ తూటాకూ మధ్య ఎన్ని గంటలు గడవాలో చెబుతాయి తప్ప, ఆ చూపు వల్ల వేటగాడికి దక్కినదేమిటో, అది ఎంతకాలం పనికివస్తుందో పట్టించుకోవు. జింక విషయంలో ఈ లోపం చిన్నదేమీ కాదన్నది నా వాదన.

నేను వేటగాణ్ణి కాను. కొలరాడోలో ఉద్యోగం చేసుకుంటూ, ప్రైవేట్ పైలట్ లైసెన్సు సంపాదించి, సెలవు రోజుల్లో సెస్నా 172 అనే చిన్న విమానాన్ని అద్దెకు తీసుకుని నడుపుకునే మనిషిని. ఆగస్టులో ఒక సహోద్యోగి, తనకు ఆ ఏడు లాటరీలో మ్యూల్ డీర్ (పడమటి కొండల్లో తిరిగే పెద్ద చెవుల జింక) ట్యాగు, అంటే ఒక జింకను వేటాడే అనుమతి, వచ్చిందనీ, కొండల మీద ఒకసారి తిప్పి చూపిస్తే ఇంధనం ఖర్చంతా తానే పెట్టుకుంటాననీ అడిగాడు. అతను వంకర మనిషి కాదు. లాటరీలో పేరు రాని ప్రతి ఏడూ దక్కే పాయింట్లను ఏళ్ళ తరబడి పోగుచేసుకుని దక్కించుకున్న అవకాశం వృథా కాకూడదన్న ఆత్రమే తప్ప అతనిలో దురుద్దేశం లేదు. ఆ అడగడంలోనే మొదటి చిక్కు ఉంది. ప్రైవేట్ పైలట్ తనతో ఎక్కినవారితో ఖర్చును సమంగా పంచుకోవచ్చు గానీ, తన వాటా కంటే తక్కువ భరించకూడదని ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నియమం. పైగా ఆ ప్రయాణంలో ఇద్దరికీ ఒకే ప్రయోజనం ఉండాలి. జింకతో నాకు పని లేదు కనుక, ఖర్చు పంచుకున్నా అది స్నేహం మాటున చేసిన కిరాయి ప్రయాణమే అవుతుంది. ఎగరకముందే ఇక్కడ ఆగిపోవచ్చు. కానీ అతనే కమర్షియల్ లైసెన్సున్న పైలట్‌ను పెట్టుకుంటే ఈ అభ్యంతరం తొలగిపోతుంది, అసలు ప్రశ్న అలాగే మిగులుతుంది.

దేశమంతటికీ వర్తించే చట్టం 1971 నవంబరులో వచ్చిన ఎయిర్‌బోర్న్ హంటింగ్ యాక్ట్. అలాస్కాలో విమానాల్లోంచి తోడేళ్ళను వేటాడే తీరును చూపిన ఒక టెలివిజన్ డాక్యుమెంటరీ 1969లో ప్రసారమై, దేశమంతా రేపిన ఆగ్రహం ఆ చట్టానికి దారి తీసింది. విమానంలోంచి జంతువును కాల్చడాన్నీ, కాల్చబోవడాన్నీ, విమానంతో జంతువును వేధించడాన్నీ అది నిషేధించింది. తెలిసి ఆ పనిలో పాలుపంచుకున్న ప్రతివాడూ నేరస్థుడే కనుక, తుపాకీ ముట్టని పైలట్‌కు కూడా మినహాయింపు లేదు. ఏడాది దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా, అన్నిటికంటే పైలట్లను భయపెట్టేదిగా విమానం జప్తు. వేధించడం అనే మాటకు నియమావళి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది: కలవరపెట్టడం, తరమడం, ఒకచోటికి చేర్చడం, మందగా తోలడం అన్నీ అందులోకి వస్తాయి. పశువులనూ పంటలనూ మనుషులనూ కాపాడటానికి రాష్ట్రం ఇచ్చే అనుమతులకు మాత్రం వెసులుబాటు ఉంది.

గమనించవలసినది ఏమిటంటే, కలవరపెట్టనంత ఎత్తులో ఎగురుతూ ఊరికే చూడటం ఆ చట్టం పరిధిలోకి రాదు. చూడటాన్ని ఆపే సంప్రదాయం అమెరికా న్యాయశాస్త్రంలో బలహీనంగానే ఉంది. విమానాలు తిరిగే ఆకాశం నేల యజమానిది కాదని 1946లో కాస్బీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 400 అడుగుల ఎత్తున హెలికాప్టర్‌లో వెళ్తూ ఒకరి పెరట్లోకి తొంగిచూసిన పోలీసుకు వారంటు అక్కరలేదని 1989లో ఫ్లోరిడా కేసులో చెప్పింది. మనిషి పెరటికే లేని రక్షణ జింక మేసే లోయకు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఆ పని రాష్ట్రాల మీద పడింది, రాష్ట్రాలు గడియారాన్నీ క్యాలెండర్‌నూ ఆశ్రయించాయి.

అలాస్కా నియమం అన్నిటికంటే ప్రసిద్ధమైనది. విమానంలో ప్రయాణించినవాడు ఆ మరునాటి తెల్లవారుజామున 3 గంటల దాకా పెద్ద జంతువులను వేటాడకూడదు, వేటాడేవాడికి సాయపడకూడదు. టికెట్టు కొనుక్కుని షెడ్యూలు విమానంలో వచ్చినవారికి ఇది వర్తించదు. కొలరాడో ఇంకొంచెం ముందుకు వెళ్ళి, జంతువుల జాడ కోసం ఎగిరిన రోజునే కాక ఆ మరునాడు కూడా వేటను నిషేధించింది. పైనుంచి కింద ఉన్న వేటగాడికి దారి చెప్పడాన్నీ నిషేధించింది. ఆరిజోనాలో ఒక ప్రాంతంలో పెద్ద జంతువుల సీజను మొదలవడానికి 48 గంటల ముందు నుంచి అది ముగిసేదాకా అక్కడ విమానంతో జంతువులను వెతకకూడదు. వయోమింగ్ అయితే గంటల లెక్క వదిలేసి, ఆగస్టు 1 నుంచి జనవరి 31 దాకా వేట కోసం ఆకాశం నుంచి వెతకడాన్నే మూసివేసింది.

ఇప్పుడు అలాస్కాలోని కారిబూనూ, కొలరాడోలోని మ్యూల్ డీర్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. కారిబూలు, అంటే ఉత్తరాది మంచు నేలల రెయిన్‌డీర్లు, మందలుగా వలసపోయే జంతువులు. నిన్న సాయంత్రం విమానంలోంచి చూసిన మంద తెల్లవారేసరికి ఎన్నో మైళ్ళు దాటిపోయి ఉండవచ్చు. అక్కడ ఒక్క రాత్రి గడువు నిజంగానే పని చేస్తుంది, చూసిన చూపు చాలావరకు చెల్లకుండా పోతుంది. ఆ నియమం రాసినవారు ఆ నేలనూ ఆ జంతువులనూ ఎరిగినవారే. మ్యూల్ డీర్ మగ జింకల సంగతి పూర్తిగా వేరు. వేసవిలో అవి చెట్లు పెరగని ఎత్తుకు, దాదాపు 11,500 అడుగుల పైకి చేరి, కొండ ఒడిలోని గిన్నెలాంటి పచ్చిక లోయల్లో మూడు నాలుగు కలిసి మేస్తాయి. కొమ్ములింకా నూగుపొరతో మెత్తగా ఉంటాయి గనుక చిక్కటి అడవిలోకి దూరడానికి ఇష్టపడవు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఆ పొర రాలిపోయేదాకా అదే లోయను పట్టుకుని ఉండటం వాటికి పరిపాటి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ బయళ్ళలో ఎర్రటి ఒళ్ళు ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. ఆగస్టు 20న ఒక లోయలో పెద్ద కొమ్ముల జింకను చూసినవాడికి, సెప్టెంబరు ఆరంభంలో విల్లు వేట మొదలయ్యే నాటికి కూడా ఆ కబురు తాజాగానే ఉంటుంది. అతను కొలరాడో చట్టాన్ని అక్షరాలా పాటించాడు, ఒక రోజు కాదు రెండు వారాలు ఆగాడు. ఆగడం వల్ల జింకకు ఒరిగిందేమిటి?

అంటే గడువు అనేది జంతువు నడకను బట్టి అర్థవంతమో నిరర్థకమో అవుతుంది. తెల్లతోక జింక ఇంకా స్థిరమైనది. చాలాచోట్ల దాని సంచారమంతా ఒక చదరపు మైలుకు అటూ ఇటూగా సాగిపోతుంది. అలాంటి జంతువు మీద గంటల్లో కొలిచే నిషేధం పెట్టడమంటే తలుపు మూసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం.

దీనికి ఎదురుగా కనబడే ఒక విచిత్రం అలాస్కా వేట నియమాల పుస్తకంలోనే ఉంది. మరునాటి తెల్లవారుజామున 3 గంటల దాకా ఆగాలన్న అంత కఠినమైన నియమం నుంచి ఆ రాష్ట్రం జింకను మినహాయించింది. కోడియాక్ దీవిలోనో ఆగ్నేయ అలాస్కా దీవుల్లోనో నీటివిమానం దిగిన రోజునే సిట్కా నల్లతోక జింకను వేటాడవచ్చు. మొదట చదివినప్పుడు ఇది నాకు పొరపాటులా తోచింది. తరువాత ఆలోచిస్తే, నా వాదనను అన్నిటికంటే బాగా బలపరిచేది ఈ మినహాయింపే అనిపించింది. ఆగ్నేయ తీరమంతా ఎడతెగని వానల్లో పెరిగిన దట్టమైన అడవి, స్ప్రూస్, హెమ్‌లాక్ చెట్ల కప్పు కింద జింక పైనుంచి కనబడటం కష్టం. రోడ్లు లేని ఆ దీవులకు చేరడానికి పడవ, విమానం తప్ప దారి లేదు. అక్కడ విమానం ప్రధానంగా బండి, అరుదుగా మాత్రమే కన్ను. కోడియాక్‌లో బయలు కొండలు ఎక్కువ కనుక ఈ సమర్థన అక్కడ కొంత పలచబడుతుందన్నది నిజమే. అయినా, చూపు వల్ల వచ్చే లాభం తక్కువైన చోట నియమాన్ని సడలించినప్పుడు, ఆ లాభం ఎక్కువైన చోట బిగించడం కూడా అదే న్యాయం కదా.

అలా బిగించిన ఉదాహరణా అలాస్కాదే. డాల్ అనే అడవి గొర్రెలు తెల్లగా, బయలు కొండలపై, రోజుల తరబడి ఒకేచోట ఉంటాయి; ఆకాశం నుంచి వెతికేవాడికి ఇంతకంటే అనువైన జంతువు లేదు. 2015లో ఆ రాష్ట్రంలో వేట నియమాలు చేసే బోర్డ్ ఆఫ్ గేమ్, ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 20 దాకా సాగే సీజనులో విమానాన్ని వేటగాళ్ళనూ సామానునూ దింపడానికీ తీసుకురావడానికీ వాడవచ్చు గానీ, గొర్రెలను వెతకడానికి వాడకూడదని నియమం చేసింది. పైలట్లు గట్టిగా వ్యతిరేకించారు. కానీ మరునాటి తెల్లవారుజాము దాకా ఆగమనే మామూలు నియమం ఆ గొర్రెకు ఎందుకు చాలలేదో అర్థమైతే, మ్యూల్ డీర్‌కు ఎందుకు చాలదో వేరే చెప్పనక్కరలేదు. ఆ నియమానికి కూడా ఒక కన్నం ఉంది: ఆగస్టు 9న చూడవచ్చు. వయోమింగ్ తన నిషేధాన్ని వేటకు బాగా ముందే, ఆగస్టు మొదటి తేదీనే మొదలుపెట్టడం అందుకే మెరుగైన పని. నా లెక్కన మ్యూల్ డీర్‌కు అది కూడా జూలై నడుమకు జరగాలి.

చట్టం మాట పక్కనపెట్టి నీతి మాటకు వస్తే, అమెరికన్ వేటగాళ్ళు తమకు తాము పెట్టుకున్న కొలత ఒకటుంది. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, జంతువు మీద వేటగాడికి తగని పైచేయి ఇచ్చే పద్ధతులను అంగీకరించదు. 1963 నుంచి, అతిపెద్ద కొమ్ములను నమోదు చేసే తన రికార్డు పుస్తకానికి కొలతలు పంపేవారి చేత న్యాయంగా వేటాడామని ప్రమాణపత్రం కూడా రాయించుకుంటోంది. ఆకాశం నుంచి జంతువును చూసి, దాని దగ్గరలో దిగి, వెంటాడి కాల్చినవాడి కొమ్ములు ఆ పుస్తకానికి పనికిరావు. ఇది రాసింది వేటను ద్వేషించేవారు కాదు, కొమ్ముల అంగుళాలు కొలుచుకుని మురిసిపోయే వేటగాళ్ళే. అందువల్ల ఈ అభ్యంతరం బయటివాడి సున్నితత్వం అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

నాతో వాదించిన వేటగాళ్ళ బలమైన ప్రశ్న వేరు. ఉపగ్రహ చిత్రాలు ఫోనులోనే ఉన్నాయి, రెండు మైళ్ళ దూరంలోని జింక కొమ్ముల కొనలు లెక్కపెట్టే దుర్భిణులున్నాయి, నాలుగు చక్రాలూ తిరిగే ట్రక్కు కొండ నడుము దాకా ఎక్కిస్తుంది, మరి ఒక్క విమానాన్నే పాపిగా నిలబెట్టడమెందుకు? ఇందులో నిజం ఉంది, కొంతవరకే. ఉపగ్రహ చిత్రం నేలను చూపిస్తుంది, ఇవాళ ఆ నేల మీద నిలబడ్డ జింకను చూపించదు. దుర్భిణి వాడేవాడు ఎదురు కొండ ఎక్కి మాటు వేయాలి, గాలివాటం చూసుకోవాలి. అతను ఒక లోయను చూస్తున్నంతసేపూ పక్క లోయ అతనికి దక్కదు, అతని వాసన పట్టిన జింక ఆ లోయనే వదిలి పోవచ్చు. వెతకడంలో అతను చెల్లించే మూల్యమే జింకకు ఉన్న రక్షణ. విమానం ఆ మూల్యాన్ని రద్దు చేస్తుంది: నలభై లోయలను ఒక్క ఉదయంలో చూసి, ముప్పై తొమ్మిదింటిని కొట్టివేసి, మిగిలిన ఒక్కదానికి నడిచి వెళ్ళేవాడు ఆ తరువాత ఎంత చెమటోడ్చినా, వేటలోని అనిశ్చితిని డబ్బు పెట్టి తీసివేసుకున్నవాడే. కొన్ని పరికరాల విషయంలో వేటగాళ్ళ మాట సబబే అని ఒప్పుకుంటాను. జింక నీటిగుంటకు రాగానే ఫోనుకు ఫోటో పంపే ట్రయిల్ కెమెరా నైతికంగా విమానం కంటే మెరుగైనదేమీ కాదు. ఆరిజోనా 2022 జనవరి నుంచి వేట కోసం ట్రయిల్ కెమెరాల వాడకాన్నే నిషేధించిందంటే, ఆ తర్కాన్ని ఆఖరుదాకా తీసుకుపోయే ధైర్యం ఒక రాష్ట్రానికైనా ఉందని అర్థం.

డబ్బు అన్నాను కనుక ఆ మాట పూర్తి చేయాలి. అమెరికాలో అడవి జంతువు ఎవరి సొత్తూ కాదు, ప్రజలందరి తరఫున రాష్ట్రం దాన్ని కాపాడుతుంది. పడమటి రాష్ట్రాల్లో మంచి ప్రాంతాల ట్యాగులు లాటరీలో వస్తాయి, కొన్నిటికి పది పదిహేనేళ్ళు ఎదురుచూసేవారున్నారు. అదే సమయంలో కొన్ని ప్రత్యేక ట్యాగులను రాష్ట్రాలు వేలం వేస్తాయి. యూటాలోని యాంటిలోప్ ఐలాండ్ మ్యూల్ డీర్ ట్యాగు లక్షల డాలర్లకు పోయిన సందర్భాలున్నాయి. వేలం డబ్బు జింకల సంరక్షణకే వెళుతుందన్న సమర్థన ఉంది, దాన్ని కాదనను. కానీ అంత పెట్టినవాడికి గంటకు కొన్ని వందల డాలర్ల విమానం ఒక లెక్క కాదు, ఎన్నో ఏళ్ళు ఆగిన మెకానిక్‌కు అది పెద్ద లెక్క. ఇద్దరూ అదే కొండ మీద అదే జింక కోసం నిలబడ్డప్పుడు, ఎవరు దాన్ని ముందు చూశారన్నది వేట నైపుణ్యం మీద ఆధారపడకపోవడం జింకకు జరిగే అన్యాయం మాత్రమే కాదు.

ప్రభుత్వమే ఆకాశం నుంచి జింకలను లెక్కపెడుతుంది కదా అనేవారికి జవాబు పొట్టిది. రాష్ట్ర జీవశాస్త్రవేత్తలు హెలికాప్టర్‌లో మందలను లెక్కించేది ఎన్ని ట్యాగులు ఇవ్వాలో తేల్చడానికి, ఏ జింకను ఎవరు కాల్చాలో తేల్చడానికి కాదు. టెక్సాస్‌లో ప్రైవేటు పశుక్షేత్రాల (రాంచ్‌ల) యజమానులు ఇలా లెక్క వేయించుకోవాలన్నా రాష్ట్రం అనుమతి ఉండాలి. అక్కడే 2011 నుంచి అడవిపందులను హెలికాప్టర్‌లోంచి కాల్చడం డబ్బు కట్టి చేసే వినోదమైంది, 2017లో దానికి వేడిగాలి బెలూను కూడా చేరింది. బెలూనులోంచి పందిని గురి చూసే మనిషి ఏం సాధించాడనుకుంటాడో నా ఊహకు అందదు గానీ, పంటలను నాశనం చేసే జంతువును తగ్గించడం వేరు, వేట అని గర్వంగా చెప్పుకోవడం వేరు అన్న తేడా అక్కడా చెరిగిపోకూడదు. మన దేశంలో 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో పొలాల మీద పడుతున్న కృష్ణజింకలను హెలికాప్టర్‌తో మెల్లగా తోలి, బోమా అనే గరాటు ఆకారపు ఆవరణలోకి రప్పించి, అభయారణ్యాలకు తరలించారు. అమెరికా నిర్వచనం ప్రకారం చూస్తే అది అచ్చంగా వేధింపే. ప్రయోజనమూ అనుమతీ దాన్ని వేరే పనిగా మారుస్తాయి.

మన చట్టం ఈ విషయాన్ని ఒకప్పుడు నేరుగానే ఎదుర్కొంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట లైసెన్సు మీద వేటను అనుమతించింది. ఆ అనుమతికి హద్దులు పెట్టిన 17వ సెక్షన్, మోటారు వాహనాల మీంచి గానీ విమానం ద్వారా గానీ వేటాడటాన్నీ, జంతువులను బెదిరించి తోలడానికి వాటిని వాడటాన్నీ నిషేధించింది. దక్కన్ బయళ్ళలో రాత్రిపూట జీపుల దీపాల వెలుగులో కృష్ణజింకలు ఎలా రాలిపోయాయో చూసిన తరం రాసిన చట్టం అది. 1991 సవరణతో లైసెన్సు వేటే రద్దయింది కనుక ఆ సెక్షనూ పోయింది. మనం వేటనే మూసివేసి ప్రశ్నను ముగించాం. వేటను ఉంచుకుని దానికి న్యాయం నేర్పాలన్నది అమెరికా ఎంచుకున్న కష్టమైన దారి. నాకు రెండోదాని మీద చిన్నచూపు లేదు.

పైలట్‌గా నాకున్న మరో అభ్యంతరం జింకతో సంబంధం లేనిది. వేసవి మధ్యాహ్నం 12,000 అడుగుల ఎత్తున 15 డిగ్రీల వేడి ఉంటే, గాలి పలచబడి విమానానికి అది దాదాపు 15,000 అడుగులతో సమానమవుతుంది. నేను నడిపే సెస్నా 172 ఎక్కగలిగిన గరిష్ఠం సుమారు 14,000. ఉదయపు చల్లదనంలో కూడా దానికి మిగిలే శక్తి అంతంతమాత్రమే. అలాంటి గాలిలో, మూడువైపులా గోడలున్న లోయలో, కిందికి చూస్తూ నెమ్మదిగా చుట్లు కొట్టడం విమానాలు కూలే పద్ధతుల్లో ఒకటి. కిటికీలోంచి జంతువును చూస్తూ వేగం పోగొట్టుకుని కూలిపోవడానికి అలాస్కా పైలట్ల భాషలో మూస్ స్టాల్ (మూస్ అంటే అక్కడి భారీ జింక) అనే పేరే స్థిరపడింది. కన్ను కొమ్ముల మీద, చెయ్యి కంట్రోలు మీద ఉన్నప్పుడు ఏది ముందు తప్పుతుందో వాళ్ళకు తెలుసు.

ఇవన్నీ చెప్పి, నేను ఆ సహోద్యోగిని జింక కోసం తిప్పనన్నాను. జూన్‌లో అయితే మంచు ఎంత కరిగింది, ఏ దారి తెరుచుకుంది, వాగు దాటే చోటు ఎక్కడ అని చూడటానికి, సగం ఖర్చు నేనే పెట్టుకుని వస్తానన్నాను. ఆ కొండలను చూడాలన్న కోరిక నాకూ ఉంది కనుక ఆ ప్రయాణానికి ఉమ్మడి ప్రయోజనం కూడా కుదురుతుంది. నేలను చూడటానికీ, ఆ నేల మీద నిలబడ్డ ఫలానా జింకను చూడటానికీ మధ్య గీత గీయవచ్చునని నా నమ్మకం. గాలిలో ఉన్నప్పుడు అనుకోకుండా జింక కంటబడితే ఏం చేస్తావని అతను అడిగాడు. జూన్‌లో కొమ్ములింకా సగమే పెరిగి ఉంటాయి, మంచు వెనక్కి తగ్గేకొద్దీ జింకలు పైకి కదులుతూనే ఉంటాయి, ఆ చూపుకు సెప్టెంబరులో విలువ తక్కువ అన్నాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది అమలు. పైలట్ జింకను చూశాడో జలపాతాన్ని చూశాడో ఎవరు నిరూపిస్తారన్నది పొడుగాటి నిషేధాలను వ్యతిరేకించేవారి చివరి మాట. విమానాలు తమ స్థానాన్ని ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం 2020 జనవరి నుంచి చాలా ఆకాశంలో తప్పనిసరైంది గానీ, సముద్రమట్టానికి 10,000 అడుగుల పైన కూడా నేలకు 2,500 అడుగుల లోపు ఎగిరేవారికి ఆ ఎత్తు నిబంధన నుంచి మినహాయింపు ఉంది. జింకల కోసం వంగి చూసేవాడు ఎగిరేది సరిగ్గా ఆ పొరలోనే. కనుక యంత్రం మీద ఆశ పెట్టుకోకుండా, బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ చేస్తున్న పనినే రాష్ట్రాలు చేయవచ్చు. ట్యాగు ఇచ్చేటప్పుడు, జూలై నడుమ నుంచి ఈ ప్రాంతంలో నా కోసం ఎవరూ ఆకాశం నుంచి జింకను వెతకలేదు అన్న ఒక్క వాక్యం మీద వేటగాడి చేత సంతకం చేయించాలి, అబద్ధమని తేలితే తరువాతి లాటరీలకు అతణ్ణి దూరం పెట్టాలి. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాడికి జరిమానా కంటే ఆ పోయే పాయింట్ల భయమే ఎక్కువ. కింద లోయలో గుడారం వేసుకున్న మరో వేటగాడు తన తల మీద చుట్లు కొట్టిన విమానం తోక మీది రిజిస్ట్రేషను నంబరును ఫోనులో ఫోటో తీసి పంపితే, ఆ సంతకాన్ని దానితో సరిపోల్చడానికి వేట నియమాలు అమలు చేసే అధికారి అయిన గేమ్ వార్డెన్‌కు ఒక మొదలు దొరుకుతుంది.